మీ పీసీ నెలకు ఎన్ని యూనిట్లు తింటుంది? వారం రోజులు మీటర్ పెట్టి చూశా

పోయిన నెల మా ఇంటి కరెంటు బిల్లు 213 యూనిట్లు వచ్చింది. మాది కరీంనగర్. గృహజ్యోతి వచ్చినప్పటి నుంచి మాకు జీరో బిల్లే. కానీ ఆ స్కీమ్‌లో 200 యూనిట్లు దాటితే, దాటిన 13 యూనిట్లకే కాదు, మొత్తం 213 యూనిట్లకూ మనమే కట్టాలి. రీడింగ్ తీసే ఆయన చేతిలో పెట్టిన చీటీ చూసి బాపు ఒకటే మాట అన్నాడు.

"గీ డబ్బా వచ్చినకాన్నించే గిట్లయితుంది. అమ్మెయ్ దీన్ని."

ఆ డబ్బా నా పీసీ. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ దాచుకుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. రైజన్ 5 3600 ప్రాసెసర్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై, 24 అంగుళాల 75 హెర్ట్జ్ మానిటర్, ఒక యూపీఎస్. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దీని మీదే నడుస్తోంది. సాయంత్రం అయితే మా తమ్ముడి గేమ్స్. ఇది రాకముందు మా బిల్లు 155 నుంచి 165 యూనిట్ల మధ్య ఉండేది. కాబట్టి బాపు అనుమానం ఊరికే వచ్చింది కాదు.

అమ్మేయడమా, ఉంచుకోవడమా అనేది తేలాలంటే ముందు లెక్క తేలాలి. మనలో చాలామందికి మన పీసీలో ఎన్ని ఎఫ్‌పీఎస్ వస్తాయో తెలుసు, టెంపరేచర్ ఎంతో తెలుసు. రోజుకు ఎన్ని యూనిట్లు తింటుందంటే మాత్రం నోరు మూసుకుంటాం. నాదీ అదే పరిస్థితి. వారం రోజులు కొలిచాక తెలిసిన సంగతులు ఇక్కడ రాస్తున్నా. మీరూ మీ ఇంట్లో చేసి చూడొచ్చు.

తమ్ముడి లెక్క ఎక్కడ తప్పింది

బిల్లు వచ్చిన రోజే మా తమ్ముడు క్యాలిక్యులేటర్ తీశాడు. "అన్నా, పవర్ సప్లై మీద 550 వాట్లు అని ఉంది. రోజుకు 12 గంటలు ఆన్‌లో ఉంటది. 550 ఇంటూ 12 అంటే 6,600. అంటే రోజుకు 6.6 యూనిట్లు, నెలకు 198."

బిల్లు 213. అందులో పీసీకే 198 పోతే, ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, టీవీ, మిక్సీ, నీళ్ల మోటార్ అన్నీ కలిపి నెలంతా 15 యూనిట్లతో నడిచాయన్నమాట! అది జరిగే పని కాదని వాడికీ అర్థమైంది.

మేడ మీద 500 లీటర్ల ట్యాంకు ఉందని రోజూ 500 లీటర్లు వాడేయం కదా. పవర్ సప్లై మీద రాసిన 550 కూడా అలాంటిదే. లోపలి భాగాలకు అది గరిష్ఠంగా ఇవ్వగలిగిన పవర్ అది. గోడ నుంచి అది ఎప్పుడూ లాగే పవర్ కాదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఆ క్షణంలో ఎంత అడిగితే అంతే, దానికి తోడు మార్చడంలో పోయే కొంత నష్టం. ఖాళీగా డెస్క్‌టాప్ చూపిస్తున్నప్పుడు 550 వాట్ల సప్లై ఉన్న పీసీ, 750 వాట్ల సప్లై ఉన్న పీసీ దాదాపు ఒకేలా తింటాయి.

యూనిట్ అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోదాం. 1,000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. 100 వాట్లది పది గంటలు నడిచినా ఒక యూనిట్టే. అందుకే వాట్లు ఒక్కటే చూస్తే సరిపోదు, గంటలు కూడా కావాలి. నా లెక్కలో అసలు దొంగ దొరికింది గంటల దగ్గరే.

సాఫ్ట్‌వేర్ చూపించే నంబర్‌ను నమ్మొచ్చా?

నేను మొదట చేసిన పని హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ఓపెన్ చేయడం. గేమ్ ఆడుతున్నప్పుడు ప్రాసెసర్ ప్యాకేజ్ పవర్ 55 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 122 వాట్లు చూపించింది. మొత్తం 177. హమ్మయ్య, ఇంతేనా అనుకున్నా.

తర్వాత గోడ దగ్గర మీటర్ పెడితే 280 వాట్లు! సాఫ్ట్‌వేర్‌కూ గోడకూ మధ్య 100 వాట్లకు పైగా తేడా.

ఆ తేడా ఎక్కడికి పోయింది? మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి సుమారు 30 వాట్లు. ఇవి ఆ 177లో లేవు. అంటే లోపల అసలు ఖర్చు 207. పవర్ సప్లై గోడ నుంచి ఏసీ తీసుకుని డీసీగా మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. 80 ప్లస్ బ్రాంజ్ అంటే 115 వోల్టుల పరీక్షలో, సగం లోడ్ దగ్గర కనీసం 85 శాతం ఎఫిషియెన్సీ. 207ని 0.85తో భాగిస్తే దాదాపు 244. దీనికి మానిటర్ 22, యూపీఎస్ 10, స్పీకర్లు 3 కలిపితే 279. మీటర్ చూపించింది ఇంచుమించు అదే.

ఇంకో తిరకాసు ఉంది. ఎన్‌విడియా కార్డుల్లో సాఫ్ట్‌వేర్ చూపించేది మొత్తం బోర్డు పవర్. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6000 సిరీస్, అంతకు ముందు కార్డుల్లో చాలావరకు చిప్ వరకే చూపిస్తుంది. మెమరీ, వీఆర్ఎం నష్టాలు అందులో ఉండవు. కాబట్టి ఇద్దరు ఫ్రెండ్స్ "నా కార్డు తక్కువ తింటుంది" అంటూ స్క్రీన్‌షాట్లు పెట్టుకుని కొట్టుకుంటే ఆ కొట్లాటకు అర్థం ఉండదు.

ప్రాసెసర్ డబ్బా మీద రాసే టీడీపీ కూడా అంతే. నా రైజన్ 5 3600 మీద 65 వాట్లు అని ఉంటుంది. కానీ స్టాక్ సెట్టింగ్‌లోనే ఆ చిప్ సాకెట్ పవర్ లిమిట్ 88 వాట్లు. ఇంటెల్ ఐ5 12400కి కూడా బేస్ పవర్ 65 అని ఉంటుంది, టర్బోలో మాత్రం 117 వరకు అనుమతి ఉంది. టీడీపీ కూలర్ కొనేటప్పుడు పనికొస్తుంది. కరెంటు బిల్లుకు దాన్ని పట్టుకుని కూర్చోవద్దు.

పైసా ఖర్చు లేకుండా కొలవడం: ఇంటి మీటర్ మీద ఎర్ర లైటు

పవర్ మీటర్ కొనే ముందు ఇది ట్రై చేయండి. మీ ఇంటి డిజిటల్ మీటర్ మీద ఒక ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన ఒక యూనిట్‌కు ఎన్ని పల్స్‌లో రాసి ఉంటుంది. మా మీటర్ మీద 3200 అని ఉంది. మీది వేరే ఉండొచ్చు, చూసుకోండి. 3200 అంటే ఆ లైటు 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు.

ఇంట్లో మిగతావన్నీ ఆఫ్ చేయాలి. ఫ్రిజ్ ప్లగ్ ఒక పది నిమిషాలు తీసేయండి, ఏం కాదు. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపండి, లేదంటే బ్యాటరీ ఛార్జింగ్ మీ లెక్కలో కలిసిపోతుంది. నేను మొదటిసారి ఇంటర్నెట్ రూటర్ సంగతి మర్చిపోయా, మళ్లీ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు పీసీ ఒక్కటే నడుస్తుండగా, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 10 మెరుపులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మొదటి మెరుపును సున్నాగా లెక్కపెట్టాలి, ఒకటిగా కాదు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు.

లెక్క ఇది. 36 లక్షలను మెరుపుల సంఖ్యతో గుణించండి. వచ్చినదాన్ని, మీటర్ మీది పల్స్ నంబర్ ఇంటూ సెకన్లతో భాగించండి. వచ్చేది వాట్లు.

గేమ్ నడుస్తుండగా మాకు 10 మెరుపులకు 40 సెకన్లు పట్టింది. 36 లక్షలు ఇంటూ 10 అంటే 3 కోట్ల 60 లక్షలు. కింద 3,200 ఇంటూ 40 అంటే 1,28,000. భాగిస్తే 281 వాట్లు. గేమ్ మూసేసి డెస్క్‌టాప్ మీద వదిలేస్తే 129 సెకన్లు పట్టింది, అంటే 87 వాట్లు. పీసీ షట్‌డౌన్ చేసి స్విచ్ ఆన్‌లోనే ఉంచితే ఒక్క మెరుపు కోసం 80 సెకన్లు నిలబడ్డాం. అది 14 వాట్లు.

బాపు కూడా వచ్చి నిలబడ్డాడు. "బంద్ జేసినంక గూడ ఎందుకు కొడుతుందిరా అది?" అన్నాడు. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర సమాధానం లేదు.

ప్లగ్ మీటర్, స్మార్ట్ ప్లగ్

ఎర్ర లైటు ఆ క్షణంలో ఎన్ని వాట్లో చెబుతుంది. వారమంతా దాని ముందు నిలబడలేం. అందుకే ఒక ప్లగ్‌ఇన్ పవర్ మీటర్ కొన్నా, వెయ్యి లోపే దొరికింది. గోడ సాకెట్‌లో మీటర్, మీటర్‌లో యూపీఎస్ ప్లగ్. వోల్టులు, ఆంపియర్లు, వాట్లు, పవర్ ఫ్యాక్టర్, మొత్తం యూనిట్లు అన్నీ చూపిస్తుంది.

కొనేటప్పుడు అది 6 ఆంపియర్లదా 16 ఆంపియర్లదా చూడండి. 6 ఆంపియర్లు అంటే 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు. పీసీకి బోలెడు. అదే మీటర్‌ను గీజర్‌కు పెట్టారనుకోండి, కాలిపోతుంది. ఇది సరదాగా చెప్పట్లేదు, ప్లగ్ కరిగిపోయి మంటలు రావొచ్చు.

చౌక మీటర్ కరెక్ట్‌గా చూపిస్తుందా అన్న డౌట్ నాకూ వచ్చింది. ఇంట్లో 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఉంది. దాన్ని పెట్టి చూస్తే 1,050 చుట్టూ చూపించింది. తప్పు చూపిస్తోందా? కాదు. ఆ 1,000 అనేది 230 వోల్టుల దగ్గర లెక్క. మా ఇంట్లో అప్పుడు 236 వోల్టులు వస్తోంది. ఇస్త్రీ పెట్టె లాంటి హీటర్ వస్తువులో పవర్ వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి 1,053 రావాలి. సరిపోయింది. అయితే ఇలాంటి మీటర్లు మూడు నాలుగు వాట్ల దగ్గర తడబడతాయి, ఆ చిన్న నంబర్లను మరీ సీరియస్‌గా తీసుకోవద్దు.

మల్టీమీటర్, క్లాంప్ మీటర్ ఉన్నవాళ్లకు ఒక మాట. వోల్టులను ఆంపియర్లతో గుణించి అవే వాట్లు అనుకోవద్దు. నా పీసీ ఖాళీగా ఉన్నప్పుడు 236 వోల్టులు, 0.45 ఆంపియర్లు. గుణిస్తే 106. మీటర్ చూపించిన అసలు వాట్లు మాత్రం 87. ఆ తేడా పేరే పవర్ ఫ్యాక్టర్, ఇక్కడ 0.82. ఇంటి బిల్లు వేసేది వాట్ల లెక్కన వచ్చే యూనిట్లకే. ఇక క్లాంప్ మీటర్‌ను మొత్తం వైరు చుట్టూ బిగిస్తే సున్నా చూపిస్తుంది. పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చూడటానికని వైరు చీల్చి ఒక్క తీగను బయటకు లాగే పనులు మాత్రం పెట్టుకోకండి.

మీటర్‌తో పాటు ఫ్రెండ్ దగ్గర ఒక స్మార్ట్ ప్లగ్ అడిగి తెచ్చా. దాని యాప్‌లో గంట గంటకూ గ్రాఫ్ వస్తుంది. కొనాలనుకుంటే డబ్బా మీద ఎనర్జీ మానిటరింగ్ అని ఉందో లేదో చూడండి. టాపో పీ110 లాంటి వాటిలో అది ఉంటుంది. చాలా చౌక ప్లగ్‌లు ఆన్, ఆఫ్ తప్ప ఇంకేమీ చేయవు.

ల్యాప్‌టాప్ కొలిచేవాళ్లు ముందు బ్యాటరీ పూర్తిగా నింపండి. లేకపోతే బ్యాటరీలోకి పోయే కరెంటు కూడా వాడకం అనుకుంటారు. అన్నట్టు ఫోన్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు. ఛార్జర్ నష్టం కలిపి 25 అనుకున్నా, ఒక యూనిట్‌తో 40 సార్లు ఫుల్ ఛార్జ్ అవుతుంది. ఫోన్ ఛార్జింగ్ వల్ల బిల్లు పేలిపోతోందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

వారం తర్వాత

ఏడు రోజులకు మీటర్ మీద 12.6 యూనిట్లు. రోజుకు 1.8, నెలకు 54.

బిల్లు 213లో 54 తీసేస్తే 159. పీసీ రాకముందు మా బిల్లు ఎంత? 155 నుంచి 165. అంటే బాపు చెప్పిందే నిజం. మా ఇల్లు 200 దాటింది ఆ డబ్బా వల్లే. పీసీ అమాయకురాలని నిరూపిద్దామని మొదలుపెట్టి, దాని మీద నేనే సాక్ష్యం తెచ్చిపెట్టా. ఆ రోజు ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. గ్రాఫ్ పూర్తిగా చూశాక చెబుదాం అనుకున్నా.

గ్రాఫ్‌లో రోజు ఇలా ఉంది. నా ప్రాజెక్టు, యూట్యూబ్ కలిపి 5 గంటలు, సగటున 100 వాట్లు. అంటే అర యూనిట్. తమ్ముడి గేమ్స్ రెండున్నర గంటలు, 280 వాట్లు, 0.7 యూనిట్. ఈ రెండూ కలిపితే 1.2 యూనిట్లే. మరి 1.8 ఎలా వచ్చింది?

మిగిలిన 0.6 అంతా మేమెవరం దాని ముందు లేని టైమ్‌లో పోయింది. గ్రాఫ్‌లో రాత్రి ఒంటి గంట నుంచి 87 వాట్ల దగ్గర గీత గీసినట్టు ఒక లైన్, తెల్లవారుజామున అమ్మ లేచి స్విచ్ ఆపేదాకా. తమ్ముడు రాత్రి గేమ్ డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవాడు. అది ఒంటి గంటకు అయిపోయేది. డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోతోందని వాడు ఎప్పుడో స్లీప్ మోడ్ నెవర్ అని పెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి నేను అలాగే వదిలేసిన గంట కూడా కలిపితే రోజుకు 5 గంటలు. నెలకు 13 యూనిట్లు.

ఇక మిగతా 11 గంటల పైచిలుకు, షట్‌డౌన్ చేశాక కూడా ఆ 14 వాట్లు. బాపు అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరికింది. ఒక్కో ప్లగ్ తీసి చూస్తే అందులో 10 వాట్లు యూపీఎస్‌వే. బ్యాటరీని నిండుగా ఉంచడానికి, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కడానికి. మిగతాది స్పీకర్ల అడాప్టర్, పీసీ, మానిటర్ స్టాండ్‌బై. చూడటానికి చిన్న నంబరే, కానీ నెలకు దాదాపు 5 యూనిట్లు.

13కు 5 కలిపితే 18. మేము గీత దాటింది 13 యూనిట్లతో. ఎవరూ వాడకుండా పోయిన 18 యూనిట్లు లేకపోతే మా బిల్లు 195 దగ్గర ఆగేది. ప్రాజెక్టు ఆపక్కర్లేదు, తమ్ముడి గేమ్స్ ఆపక్కర్లేదు, పీసీ అమ్మక్కర్లేదు.

ఆ 18 యూనిట్ల ఖరీదు ఎంత?

స్కీమ్ లేని ఇళ్లకు కూడా ఈ లెక్క తెలియాలి. 2022-23 టారిఫ్ ప్రకారం తెలంగాణలో ఇంటి వాడకం 101 నుంచి 200 యూనిట్ల మధ్య ఉంటే, మొదటి 100 యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 100కు 4 రూపాయల 80 పైసలు. 200 దాటితే మాత్రం టేబుల్ మొత్తం మారిపోతుంది. మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, 200 పైన ఉన్నవాటికి 7 రూపాయల 70 పైసలు.

195 యూనిట్లకు 340 ప్లస్ 456, అంటే 796 రూపాయలు. 213 యూనిట్లకు 1,020 ప్లస్ 100 రూపాయల 10 పైసలు, అంటే 1,120 రూపాయల 10 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, డ్యూటీ వేరే. తేడా 324 రూపాయలు, అదీ 18 యూనిట్లకు. ఒక్కో యూనిట్ 18 రూపాయలు పడినట్టు! గృహజ్యోతి ఉన్న మాలాంటి వాళ్లకైతే సున్నా నుంచి ఒకేసారి 1,120 పైన.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఫ్రెండ్స్‌కు ఇలాంటి గీత లేదు. అక్కడ 2022-23 నుంచి అందరికీ కింది శ్లాబులు వర్తిస్తాయి. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75. కాబట్టి 213 నుంచి 195కి తగ్గితే మిగిలేది 18 ఆరులు 108 రూపాయలు. అదే 300 వాడే ఇల్లయితే యూనిట్‌కు 8.75 చొప్పున మిగులుతుంది. ట్రూఅప్ లాంటి సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. మీ బిల్లు మీద ప్రస్తుతం ఏ రేటు ఉందో చూసి లెక్క వేసుకోండి. సగటు రేటు కాదు, మీ చివరి యూనిట్ ఏ శ్లాబులో పడుతోందో అది చూడాలి. పీసీ వాడకం పెరిగినా తగ్గినా కదిలేది ఆ చివరి యూనిట్లే.

మేం మార్చినవి

స్లీప్ 15 నిమిషాలకు పెట్టాం. అయినా మొదటి రోజు పీసీ నిద్రపోలేదు. ఇలా అయితే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ రిక్వెస్ట్స్ అనే కమాండ్ కొట్టండి. నిద్రను ఎవరు అడ్డుకుంటున్నారో పేరుతో సహా చెబుతుంది. మా దాంట్లో బ్యాక్‌గ్రౌండ్‌లో తెరిచి ఉన్న ఒక ఆడియో యాప్. స్లీప్‌లోకి వెళ్లాక మొత్తం సెట్టు 17 వాట్లకు దిగింది.

రాత్రి డౌన్‌లోడ్‌కు తమ్ముడు ఇప్పుడు షట్‌డౌన్ టైమర్ పెడుతున్నాడు. షట్‌డౌన్, స్లాష్ ఎస్, స్లాష్ టి, 7200. ఆ చివరి నంబర్ సెకన్లు, అంటే రెండు గంటల తర్వాత తనంతట తానే ఆగిపోతుంది. డౌన్‌లోడ్ అప్పటికి పూర్తి కాకపోతే? మిగతాది పొద్దున అవుతుంది, కొంప మునగదు.

పడుకునే ముందు పీసీ ఆపి, తర్వాత యూపీఎస్ బటన్ ఆపి, చివర్లో గోడ స్విచ్. ఈ వరుస తప్పితే యూపీఎస్ కరెంటు పోయిందనుకుని రాత్రంతా కీ కీ అని అరుస్తుంది, మాకు ఆ అనుభవం కూడా అయింది. యూపీఎస్ ఆపడం ఇష్టం లేనివాళ్లు కనీసం బయోస్‌లో ఈఆర్‌పీ ఆప్షన్ ఆన్ చేయండి, ఆఫ్‌లో ఉన్న పీసీ తినేది ఒక వాట్ కంటే కిందికి వస్తుంది.

గేమ్స్ విషయంలో తమ్ముడితో బేరం కుదరడానికి టైమ్ పట్టింది. మా మానిటర్ 75 హెర్ట్జ్. గేమ్ మాత్రం 130 ఎఫ్‌పీఎస్ దాకా కొడుతోంది. కనిపించని ఫ్రేముల కోసం కార్డు ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోందన్నమాట. డ్రైవర్ సెట్టింగ్స్‌లో 75కి లిమిట్ పెడితే గోడ దగ్గర 280 కాస్తా 235కి దిగింది, ఫ్యాన్ శబ్దం కూడా తగ్గింది. లిమిట్ పెడితే ఇన్‌పుట్ ల్యాగ్ కొంచెం పెరుగుతుందని వాడి వాదన. అది నిజమే. అందుకే షూటింగ్ గేమ్‌కు లిమిట్ తీసేసుకోవచ్చని ఒప్పుకున్నా. క్రికెట్ గేమ్‌కు మాత్రం లిమిట్ ఉండాల్సిందే.

గోల్డ్ పవర్ సప్లై కొందామా అని కూడా లెక్క వేశా. బ్రాంజ్ 85 శాతం నుంచి గోల్డ్ 90 శాతానికి వెళితే గేమ్‌లో 14 వాట్లు తగ్గుతాయి. రోజుకు రెండున్నర గంటలకు నెలంతా కలిపి ఒక యూనిట్. కొత్తగా పీసీ కట్టుకునేవాళ్లు గోల్డ్ తీసుకోండి, క్వాలిటీ బాగుంటుంది. బాగా నడుస్తున్న బ్రాంజ్‌ను బిల్లు కోసం పీకి పడేయడం దండగ.

మార్పుల తర్వాత రెండో వారం మీటర్ 8.4 యూనిట్లు చూపించింది. రోజుకు 1.2. నెలకు 36. ఈసారి మాత్రం ఇంట్లో అందరికీ రెండు నంబర్లూ చూపించా, మొదటి వారం 54 లెక్క కూడా దాచకుండా. బాపు కాగితం మీద మళ్లీ తనే గుణించుకుని చూసుకున్నాడు. తర్వాతి బిల్లు 196. జీరో బిల్లు మళ్లీ వచ్చింది, కానీ నాలుగు యూనిట్ల దూరమే ఉంది. ఇంటికి చుట్టాలు వస్తే దాటిపోతాం.

అందుకే మీటర్ ఇప్పుడు నా టేబుల్ దగ్గర లేదు. వంటింట్లో మా పాత ఫ్రిజ్‌కు పెట్టాం. ఫ్రిజ్‌ను కొలవాలంటే కనీసం 24 గంటలు ఉంచాలి, కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి మధ్యలో వాట్లు చూస్తే ఏమీ తెలియదు. మొదటి 24 గంటలకు 1.4 యూనిట్లు వచ్చింది, అంటే నెలకు 42. ఇప్పుడు నా పీసీ కంటే ఎక్కువ. తలుపు రబ్బరు దగ్గర కాగితం పెట్టి లాగితే సులువుగా ఊడి వస్తోంది. నిన్న సాయంత్రం బాపే మెకానిక్‌ను పిలిచి రబ్బరు మార్పించాడు. పొద్దున మీటర్ సున్నా చేసి పెట్టా. రేపు ఇదే టైమ్‌కు చూడాలి.